కొత్త డిఫెన్సివ్ స్కీమ్ గారికి ఫ్రిస్కో నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ కొత్త డిఫెన్సివ్ స్కీమ్ గారికి,

టెక్సస్ రాష్ట్రం, ఫ్రిస్కో నుంచి డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమాని ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించే కాస్త బెంగగా ఉంది. మీ వంశంలో ఇంతకుముందు మా ఊరొచ్చినవాళ్ళలో చాలామంది హుషారుగా పాలు పొంగించి, ఆ గిన్నె తోమేలోపే సామాను సర్దుకున్నారు.

ఎదుటి జట్టుని ఎలా ఆపాలో చెప్పే పద్ధతి కదా మీరు, మీరొస్తున్నారంటే మా వాళ్ళ హడావిడి చూడాలి. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్, అంటే కాలేజీ ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే తంతు. 32 జట్లు, 7 రౌండ్లు, కాలేజీ కుర్రాళ్ళ పేర్లతో గోడ నిండా బోర్డు. మొన్నటిదాకా "ఉన్నవాళ్ళలో మేలైనవాణ్ణి తెచ్చుకుందాం" అన్న పెద్దమనుషులే, మీరు గడప తొక్కగానే "మన స్కీముకి సరిపోయేవాణ్ణి తెచ్చుకుందాం" అంటారు. ఆ ఒక్క మాటతో బోర్డు తలకిందులు. నిన్న పొట్టివాడని పక్కన పెట్టిన కుర్రాడు ఇవాళ చురుకైనవాడు. నిన్న కొండలాంటివాడు ఇవాళ ఒట్టి లావుపాటివాడు. కుర్రాళ్ళు మాత్రం అంగుళం పెరగలేదు, అరకిలో తగ్గలేదు.

ఈ బాధ నాకు ఇంట్లోనూ అనుభవమే. తూర్పు ముఖం స్థలమని బిల్డరు అడిగిన అదనపు డబ్బు కళ్ళు మూసుకుని కట్టి ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి ముందు ఒక సిద్ధాంతిగారు వాట్సాప్‌లో ప్లాను చూసి బరువంతా నైరుతిలో పెట్టమన్నారు. పెట్టాం. రెండేళ్ళకి మా ఆవిడ తరఫు సిద్ధాంతిగారు, బరువు సంగతి తర్వాత, ముందు పొయ్యి తిప్పించండి అన్నారు. గ్యాసు పైపు మార్చడానికి మనిషిని పిలిచాం. వాడు వేసిన బిల్లు చూశాక మూడో ఆయన్ని అడిగితే, మొదటాయన చెప్పిందే రైటండీ అన్నారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. పైపులు మార్చినా, ఈఎంఐ కట్టినా, అక్కడే పడుకునేది మేము. మీ పేరు వినగానే నాకు ఆ ముగ్గురూ వరసగా కళ్ళ ముందు మెదులుతారు.

మీ ఇంట్లో ఇద్దరన్నదమ్ములు. ఒకాయన 4-3. ముందు వరసలో నలుగురు నేలకి చెయ్యానించి వంగి ఉంటారు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు నిలబడతారు. రెండో ఆయన 3-4. ముందు ముగ్గురు, వెనక నలుగురు. కాగితం మీద చూస్తే వంగినవాళ్ళలో ఒకణ్ణి లేపి నిలబెట్టడమే తేడా. ఆ ఒక్కడు లేచి నిలబడ్డానికి మా జట్టుకి కోట్ల డాలర్లూ, కొన్నేళ్ళ కాలమూ ఖర్చవుతాయి. పైగా ఈ రోజుల్లో ఎదుటివాళ్ళు పాస్‌లే (బంతి విసిరే ఆటే) ఎక్కువ ఆడుతున్నారని సగానికి పైగా ఆటలో ముందున్నవాళ్ళలోనో లైన్‌బ్యాకర్లలోనో ఒకణ్ణి తీసేసి, పాస్‌లకి కాపలా కాసే ఐదో డిఫెన్సివ్ బ్యాక్‌ని దించుతున్నారు. అప్పుడు అన్నెవరో తమ్ముడెవరో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అయినా మీ పంతం మీదే.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఓ ఆదివారం నాతోపాటు మ్యాచ్ చూశారు. 3-4లో సరిగ్గా మధ్యలో ఉండే నోస్ ట్యాకిల్‌ని చూపించి, "ఆ లావుపాటి అబ్బాయి ఏం చేస్తాడు బాబూ?" అన్నారు.

"ఎదురుగా వచ్చే ఇద్దరిని ఆపుతాడండీ."

"ఆపి?"

"అంతే. ఆపుతాడు."

"మరి పేరు?"

"వెనకనుంచి వచ్చి పట్టుకున్నవాడికి."

ఆవిడ కాసేపు చూసి, "పెద్దకోడలన్నమాట" అన్నారు. ఇరవై ఏళ్ళుగా టీవీలో నిపుణులు చెబుతున్న, ఒకడే రెండు సందులు కాసే టూ-గ్యాప్ సిద్ధాంతం నాకు ఆ రోజు పూర్తిగా బోధపడింది.

మీ వాళ్ళందరూ చెడ్డవాళ్ళని అనను, కళ్ళు పోతాయి. నేను వ్యాలీ రాంచ్‌లో మొదటి అపార్ట్‌మెంట్ తీసుకున్నది 2005లో. ఇర్వింగ్‌లోని ఆ పేటలోనే అప్పట్లో కౌబాయ్స్ ఆఫీసూ ప్రాక్టీసు మైదానమూ ఉండేవి. 2016లో ఇక్కడ ఫ్రిస్కోలో 'ది స్టార్' కట్టుకుని వచ్చేశారు, వాళ్ళ వెనకే మేమూ వచ్చాం (వాళ్ళకోసం కాదు, స్కూళ్ళకోసం). ఆ 2005లో హెడ్ కోచ్ బిల్ పార్సెల్స్ 4-3ని పంపించి 3-4ని తెచ్చారు. దానికోసమే డ్రాఫ్ట్‌లో 11వ పిక్‌లో (అంటే 11వ వంతులో) డెమార్కస్ వేర్‌నీ, 20వ పిక్‌లో మార్కస్ స్పియర్స్‌నీ తెచ్చుకున్నారు. వేర్ కాలేజీలో చెయ్యి నేలకానించి ఆడినవాడు. ఇక్కడ నిలబెట్టి వదిలారు. వదిలితే, 2008లో ఒక్క సీజన్‌లో 20 శాక్‌లు (శాక్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం). నేను ఈ దేశంలో కొన్న మొదటి జెర్సీ ఆయనదే, 94 నంబరు. స్కీము చూసి మనిషిని తెస్తే ఇలా ఉండాలి అని నేనూ పదిమందికీ చెప్పాను. చెప్పి తప్పు చేశాను. మా వాళ్ళు కూడా అదే అనుకున్నట్టున్నారు.

2012 సంగతికి వద్దాం. అప్పటి స్కీము డిఫెన్స్ కోచ్ రాబ్ రయన్ గారిది. అంచుల్లో కాపలా కాసే కార్నర్‌బ్యాక్‌లు, బంతి అందుకునే ఎదుటి రిసీవర్‌ని ఒంటరిగా, మీద మీదకెళ్ళి పట్టుకోవాలంటారు. సరే అని బ్రాండన్ కార్‌ని 5 ఏళ్ళకి 5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తెచ్చారు. చాలదన్నట్టు డ్రాఫ్ట్‌లో 14వ పిక్, 45వ పిక్ రెండూ సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసి 6వ పిక్‌కి ఎగబాకి మారిస్ క్లెయిబోర్న్‌ని తీసుకున్నారు. ఏ పిక్ విలువ ఎంతో చెప్పే పట్టిక ఒకటుంది, 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు మా జట్టులోనే పుట్టింది. దాని ప్రకారం 14వది 1100, 45వది 450, 6వది 1600. అంటే మన పట్టికలో మనకే 50 పాయింట్లు మిగిలాయి. బేరం భలేగా కుదిరిందని నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. ఆ ఇచ్చేసిన 45కి రెండు అడుగుల దూరంలో, 47వ పిక్‌లో సియాటిల్ వాళ్ళు తీసుకున్న, తర్వాత లీగ్‌లో మేటి అనిపించుకున్న లైన్‌బ్యాకర్ పేరు బాబీ వాగ్నర్. ఆ స్వీట్ల డబ్బులు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

సరే, తెచ్చారు. తెచ్చిన మరుసటి జనవరిలో రాబ్ రయన్ గారిని పంపించేశారు! 2013కి మాంటీ కిఫిన్ గారొచ్చారు. 73 ఏళ్ళ పెద్దాయన, టాంపా బేలో కీర్తి గడించినవారు. ఆయన పద్ధతి జోన్. మనిషి వెంట పడొద్దు, ఎవడి వాటా స్థలం వాడు కాసుకుని కళ్ళు క్వార్టర్‌బ్యాక్ మీద పెట్టండి అంటారు. మీద మీదకెళ్ళి పట్టుకోవడానికని కోట్లు పోసి తెచ్చిన ఇద్దరినీ పొలానికి కాపలా పెట్టారు. క్లెయిబోర్న్‌కి గాయాలూ తోడయ్యాయి, పాపం అది మీ ఖాతాలో వేయను. 5 సీజన్లలో మొత్తం 4 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళ పాస్‌ని మధ్యలో పట్టేయడం). ఇక వేర్ చేత మళ్ళీ చెయ్యి నేలకానించారు. ఒంట్లో బాగోకపోవడమూ కలిసి ఆ ఏడాది 6 శాక్‌లే. 2014 మార్చిలో, మా జట్టు తరఫున 117 శాక్‌లు చేసిన మనిషిని జీతం భారమని వదిలేశారు. కిఫిన్ గారి డిఫెన్స్ ఆ 2013లో ఎదుటివాళ్ళని ముందుకి పోనిచ్చిన గజాల లెక్కన లీగ్‌లో 32వది. జట్లు మొత్తం 32 అని పైనే చెప్పాను. ఆ ఒక్క సీజన్‌తో ఆయన డిఫెన్స్ నడిపే కోఆర్డినేటర్ పదవీ పోయింది.

వేర్ డెన్వర్ వెళ్ళి మళ్ళీ నిలబడ్డాడు. అక్కడ 2015లో 3-4 నడపడానికి వచ్చింది ఎవరనుకున్నారు? మా దగ్గర 2010లో హెడ్ కోచ్ పదవి పోగొట్టుకున్న వేడ్ ఫిలిప్స్ గారే. ఆ సీజన్ ఫైనల్ సూపర్ బౌల్ 50లో వేర్ 2 శాక్‌లు చేసి కప్పు ఎత్తుకున్నాడు. మా వస్తువులే, మా వాస్తే, ఊరు మాత్రం వేరు.

2020లో వచ్చిన మైక్ నోలన్ గారి గురించి ఎక్కువ రాయను. 473 పాయింట్లు ఇచ్చాం, మా జట్టు చరిత్రలో అప్పటికి అదే రికార్డు. ఆయన ఓ రోజు విలేకరులతో వీడియోలో మాట్లాడుతూ టబాస్కో సాస్ అంటిన చేత్తో కళ్ళు నలుపుకుని మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఆవకాయ కలిపిన చేత్తో కళ్ళు నలుపుకున్న జాతిగా మేము ఆ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించాం.

2021లో డాన్ క్విన్ గారొచ్చారు. ఆ డ్రాఫ్ట్‌లో 11 మందిని తీసుకుంటే 8 మంది మీకోసమే. మొదటి ఆరు పిక్‌లూ వరసబెట్టి డిఫెన్స్. ఇంత భక్తి నేను తిరుమల క్యూలో కూడా చూడలేదు. అసలు ప్లాను ఏమిటంటే మంచి కార్నర్‌బ్యాక్‌ని తేవడం. అనుకున్న ఇద్దరిలో 8వ పిక్‌లో ఒకడూ 9వ పిక్‌లో ఒకడూ వేరే జట్లకి ఎగిరిపోయారు. 10వ పిక్‌ని ఫిలడెల్ఫియాకిచ్చి 12కి దిగి, మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. అతను లైన్‌బ్యాకర్, లైన్‌బ్యాకర్‌గానే ఆడించారు. రెండో మ్యాచ్‌కి ముందు ప్రాక్టీసులో డెమార్కస్ లారెన్స్ పాదం విరిగింది. ముందు వరస చివర (ఎండ్‌లో) ఆడ్డానికి మనిషి లేక పార్సన్స్‌ని అక్కడ పెట్టారు. అదీ మలుపు! ఆ ఏడాది 13 శాక్‌లు, డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్. దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, స్కీమ్ గారూ. వేర్ తర్వాత మా ఊరికి దొరికిన అంతటివాడు మీరు అనుకున్న స్థానంలో తీసుకున్నవాడు కాడు, మీరు అనుకున్న చోట ఆడినవాడూ కాడు. వేరేవాడి కాలు విరిగితే బయటపడ్డాడు. టీవీలో మాత్రం అది మీ దూరదృష్టి అన్నారు.

(అతన్ని 2025 ఆగస్టులో గ్రీన్ బేకి పంపించేశారు. అది డబ్బు గొడవ, మీ తప్పు కాదు. మా అబ్బాయి వేసుకునే అతని 11 నంబరు జెర్సీ స్కూలు తెరిచిన నెలలోనే పాతబడింది.)

అసలు ఈ ఉత్తరం రాయించింది మేజీ స్మిత్. మా ఇంట్లో వాడి జెర్సీ లేదు, ఎవరింట్లోనూ చూడలేదు. పరుగు ఆపలేకపోతున్నాం, మధ్యలో బండ కావాలని 2023లో 26వ పిక్‌లో తెచ్చిన నోస్ ట్యాకిల్. మిషిగన్ పెద్దకోడలు. క్విన్ గారింట్లో చురుకుదనం కావాలి, బరువు తగ్గాడు. ఆ సీజన్ ఎలా ముగిసిందో నాకు తిథితో సహా గుర్తు. 2024 జనవరి 14, ఆదివారం, భోగి. మా వాడికి భోగిపళ్ళు పోస్తున్నాం. పట్టుపంచె కట్టిన పిల్లాడి నెత్తిన రేగిపళ్ళూ, చిల్లరా, చామంతి రేకలూ. పక్కన టీవీలో సౌండు తీసేసి ప్లేఆఫ్ మ్యాచ్. పేరంటాళ్ళు ఒక్కొక్కరే గుప్పిళ్ళతో పోస్తుంటే అవతల గ్రీన్ బే వాళ్ళు మా నెత్తిన ఒక్కొక్కటే పోశారు. ఏడు, పద్నాలుగు, ఇరవై, ఇరవై ఏడు. మా వైపు సున్న. ఏ పరుగు ఆపడానికని బండని తెచ్చామో ఆ పరుగుతోనే ఆరన్ జోన్స్ 118 గజాలు, 3 టచ్‌డౌన్లు. చివరికి 48-32. పళ్ళు ఏరుకుంటున్న పిల్లలు నా మొహం చూసి దిష్టి ఎవరికి తీయాలని అడిగారు.

క్విన్ గారు వాషింగ్టన్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళారు. మైక్ జిమ్మర్ గారొచ్చారు. 2005లో 3-4కి మారినప్పుడు కోఆర్డినేటర్‌గా ఉన్నది ఈయనే, గమనించగలరు. మేజీ మళ్ళీ బరువు పెంచాడు, కొత్త పద్ధతి నేర్చుకున్నాడు. ఏడాది. 2025కి మ్యాట్ ఎబర్‌ఫ్లూస్ గారొచ్చారు. మళ్ళీ కొత్త పాఠం. నవంబరులో క్వినెన్ విలియమ్స్ అనే ట్యాకిల్ కోసం న్యూయార్క్ జెట్స్‌తో బేరం కుదిరినప్పుడు, 2027 మొదటి రౌండ్ పిక్, 2026 రెండో రౌండ్ పిక్ ఇస్తూ, కూరగాయల సంచిలో కరివేపాకు వేసినట్టు మేజీనీ వేశారు. మూడు సీజన్లు, ముగ్గురు కోఆర్డినేటర్లు. వాడు ఆట రానివాడో, ఎవరూ కుదురుగా ఆడనివ్వనివాడో చెప్పేంత తెలివి నాకు లేదు. మీకుందా?

నా గోడల్లా ఒక్కటే. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడికి ఒప్పందం 4 ఏళ్ళు, మొదటి రౌండ్ వాడైతే జట్టు తల్చుకుంటే ఐదో ఏడు కూడా. మీరేమో 2024లో ఒకరు, 2025లో ఒకరు. మేము మీకు ఇల్లు అద్దెకిస్తున్నాం, మీరు గోడలు కొట్టిస్తున్నారు. వచ్చేటప్పుడు ఎత్తూ బరువూ చేతి పొడవూ రాసిచ్చే ఆ చీటీ మీద దయచేసి మీరు ఖాళీ చేసే తేదీ కూడా వేయండి. మా వాళ్ళు దాన్నిబట్టి ఏ రౌండ్‌లో ఎవర్ని తేవాలో చూసుకుంటారు.

మా వాడు మళ్ళీ జెర్సీ కావాలంటున్నాడు. మూడు రోజులు ఆలోచించి ఒక పేరు తేల్చాను. లూయీ ఫిలిప్ లాడుసూర్, నంబరు 91. కెనడా మనిషి, లాంగ్ స్నాపర్. తల కిందకి వంచి కాళ్ళ మధ్యనుంచి బంతిని వెనక్కి విసరడం ఆయన పని. మా లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఆయన్ని తీసుకోలేదు. 2005లో, పార్సెల్స్ గారి 3-4తోపాటే మా ఊరొచ్చి, కిఫిన్ గారి జోన్ దాటుకుని, నోలన్ గారి టబాస్కో దాకా 16 సీజన్లు అదే పని చేశాడు. కొట్టులో దొరకదన్నారు. కుట్టించి ఇమ్మంటే ఆ అమ్మాయి పేరు మూడుసార్లు స్పెల్లింగ్ అడిగి రాసుకుంది.

ఇట్లు,
తూర్పు ముఖం ఇంట్లో, టీవీ మాత్రం వాయవ్యంలో పెట్టుకున్న
తమ విధేయుడు