పేషెంట్ తిరగనంటున్నాడు

హైదరాబాద్‌లో మాది కంపెనీలకి కంప్యూటర్ ట్రైనింగులు తయారుచేసి ఇచ్చే ఆఫీసు. బ్యాంకు వాళ్లకి చేశాం, బిస్కెట్ల వాళ్లకి చేశాం, ఇళ్లకెళ్లి మంచం పట్టిన పెద్దవాళ్లని చూసుకునే నర్సులకి చేయలేమా అని మా మేనేజర్ ధైర్యం. నాదీ అదే ధైర్యం, ఎందుకంటే నేను ఈ జన్మలో ఒక్క పేషెంటుకి మంచినీళ్లు తాగించిన పాపాన పోలేదు.

"ఇంటరాక్టివ్‌గా ఉండాలి" అన్నాడు క్లయింటు. ఈ మాట చెవిన పడితే చాలు, మేం మౌస్‌తో ఏదో ఒకటి లాగించేస్తాం. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద, తుంటి దగ్గర, మడమలకి పుండ్లు పడతాయి కదా, ఆ పాఠంలో తెర మీది తాతని మౌస్‌తో పట్టుకుని ఎడమపక్కకి లాగాలి, అప్పుడే నెక్స్ట్ బటన్ వెలుగుతుంది. తాతంటే మా సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తాతే. నీలికళ్లు, కింద కార్పెట్, కిటికీ అవతల మంచు. పేరు మాత్రం సుబ్బారావు గారు. కంప్యూటర్ గొంతేమో బీపీ 120/80 అని రాస్తే "నూట ఇరవై భాగింపు ఎనభై" అని చదివేది, దానికి బుద్ధి చెప్పేసరికే రెండు రోజులు పోయాయి. ఇక తాతని లాగి చూసే తీరిక ఎవరికుంది?

ట్రైనింగ్ రోజు పన్నెండు మంది కొత్త నర్సులు వచ్చారు. మొదటి పది నిమిషాలూ లాప్‌టాప్ తెరని వేలితో నొక్కుతూ కూర్చున్నారు, ఫోన్ అలవాటు. చేతులు కడుక్కునే పాఠం ఎలాగో దాటారు. తాత దగ్గర ఆగిపోయారు. తాతని వదలాల్సిన చోటు నేను గోరంత పెట్టానట, వెంట్రుకవాసి తప్పినా టప్‌మని మళ్లీ వెల్లకిలా పడిపోతున్నాడు. గదిలో పన్నెండు మంది సుబ్బారావులు, టప్, టప్, టప్.

"సార్, పేషెంట్ తిరగనంటున్నాడు!"

"నా పేషెంటూ అంతే సార్!"

వెనక వరసలో ఖమ్మం సిస్టర్ ఒకావిడ మౌస్ పక్కన పెట్టేసింది. ఇదివరకు తొంభై కిలోల పెద్దాయన్ని నాలుగేళ్లు ఒక్కతే చూసుకుందట. "నిజం మనిషిని తిప్పడమే నయం సార్" అంది.

అక్కడ నవ్వేసి ఊరుకోవచ్చు కదా. "ఏదీ, చూపించండి సిస్టర్" అన్నాను.

"పడుకోండి సార్."

మీటింగ్ టేబుల్ మీద పడుకున్నాను. "బిగబట్టకండి, బరువంతా వదిలేయండి, పేషెంట్లు మనకి సాయం చేయరు" అంటూ అవతలి చెయ్యి తెచ్చి నా ఛాతీ మీద పెట్టింది, అవతలి మోకాలు మడిచింది, ఒక చెయ్యి భుజం వెనక, ఇంకోటి తుంటి వెనక వేసి తనవైపు లాగింది. ఎనభై రెండు కిలోలవాణ్ణి, అట్టు తిప్పినట్టు తిప్పేసింది. వెంటనే ఎవరో వీపు వెనక లాప్‌టాప్ బ్యాగు ఆనించారు, ఇంకెవరో చున్నీ చుట్టి మోకాళ్ల మధ్య దూర్చారు.

"ఇంకోటి సార్. మీ బొమ్మలో మంచానికి రెండువైపులా చోటుంది. ఇళ్లల్లో ఒకవైపు గోడ, కాళ్ల దగ్గర బీరువా. మేం ఎటు నిలబడాలి?"

టేబుల్‌కి చెంప ఆనించి ఆలోచిస్తున్నాను. తలుపు తీసుకుని మేనేజరూ క్లయింటూ వచ్చారు, వెనకాలే టీ ట్రేతో ఆఫీస్ బాయ్.

"ఇది ఏ మాడ్యూల్?" అన్నాడు మేనేజర్.

"ఇంటరాక్టివ్ సార్" అన్నాను, పక్కకి తిరిగే.

ఆ రోజు క్విజ్‌లో మాత్రం అందరికీ నూటికి నూరు. నా సంబరం పూర్తికాకముందే ఖమ్మం సిస్టర్ చెప్పేసింది, పొడుగ్గా ఉన్న జవాబు నొక్కితే చాలని రెండో ప్రశ్నకే అందరికీ తెలిసిపోయిందట.

ఎవరో అదంతా ఫోన్‌లో వీడియో తీశారు, క్లయింటుకి తెగ నచ్చింది. నీలికళ్ల తాత పోయాడు. ఇప్పుడు ఆ పాఠంలో సుబ్బారావు గారంటే నేనే, చున్నీతో సహా.

మొన్న వాళ్లాఫీసుకి వెళ్తే లిఫ్టులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నన్ను అదే పనిగా చూస్తున్నారు. చివరికి ఒకమ్మాయి ఉండబట్టలేక అడిగింది.

"నడుస్తున్నారా అంకుల్?"