నోరు మూశాక కూడా మాట్లాడే హీరో

డబ్బింగ్ సినిమాలో హీరో నోరు మూసేశాక మాట వినిపించిందనుకోండి. డబ్బింగ్ చెప్పినవాణ్ణి తిట్టే ముందు ఒక్క తలుపు చప్పుడు కోసం ఆగాలి. తలుపు పడ్డ క్షణంలోనే ధన్‌మని వినిపిస్తే తప్పు డబ్బింగ్‌ది. తలుపు పడి, హీరో నాలుగడుగులు వేశాక ధన్‌మంటే తప్పు మనింట్లోనే ఉంది. ఎందుకంటే డబ్బింగ్‌లో మార్చేది మాటల్ని మాత్రమే. తలుపులు, తుపాకులు, కార్లు, నేపథ్య సంగీతం విడిగా ఒక ట్రాకులో వస్తాయి. ఎమ్ అండ్ ఈ (మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్) అంటారు దాన్ని. దాన్ని కదపకుండా ఉంచి, తెలుగు మాటలు పైన వేస్తారు.

ఇంత సులువైన పరీక్ష ఎవరూ చెయ్యరు. ఆదివారం మధ్యాహ్నం జరిగేది వేరు. బాబాయి కొత్తగా సౌండ్‌బార్ కొంటాడు, అదే, టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు. దాంతోపాటు వచ్చిన వైరుని అట్టపెట్టెతో సహా అటకెక్కించి, బ్లూటూత్‌తో టీవీకి కలిపేసి, తెలుగులో వస్తున్న ఇంగ్లీషు సినిమా పెడతాడు. తెర మీద పోలీసాయన నోరు మూసి, కాఫీ కప్పు ఎత్తాక, "వాణ్ణి వదలను" అన్న మాటలోని చివరి "ను" వినిపిస్తుంది.

"మింగుతూ ఎలా మాట్లాడుతున్నాడ్రా వీడు?" అంటుంది బామ్మ.

"డబ్బింగ్ సినిమాలు ఇంతేనమ్మా."

ఈ ఒక్క తీర్పుతో సౌండ్‌బార్ నిర్దోషిగా విడుదలైపోతుంది. నిజానికి బ్లూటూత్ అనేది శబ్దాన్ని కుదించి, పంపించి, అవతల మళ్లీ విప్పేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఇట్టే తినేస్తుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. 200 మిల్లీసెకన్లు ఆలస్యమంటే దాదాపు 5 ఫ్రేములు, అంటే ఇంచుమించు ఒక అక్షరం పలికేంత సేపు. పోలీసాయన మింగిన కాఫీలో పడ్డ "ను" అదే.

మన కంటికీ చెవికీ మధ్య ఒప్పందం కొంచెం పక్షపాతంగా ఉంటుంది. మాట ముందొస్తే 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాం. వెనకొస్తే 125 దాకా గమనించం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రసారాలకిచ్చిన లెక్కలు ఇవి. ఉరుముకి ముందు మెరుపు చూసీ చూసీ అలవాటైన కళ్లు కదా, ఆలస్యాన్ని క్షమిస్తాయి, తొందరని క్షమించవు. సినిమా హాల్లోనూ ఇంతే. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది కాబట్టి ప్రతి 14 మీటర్లకీ ఒక ఫ్రేము ఆలస్యం. ఎక్కువ డబ్బులు పోసి తెరకి 28 మీటర్ల దూరంలో బాల్కనీలో కూర్చున్నాయనకి ప్రతి డైలాగూ రెండు ఫ్రేములు పాతది. నేల టికెట్టువాడికి తాజాగా అందుతుంది.

బాబాయి ఊరుకోడుగా. సెట్టింగుల్లోకి వెళ్తే "ఆడియో డిలే" అని ఒకటి కనిపిస్తుంది. మాట ఆలస్యంగా వస్తోంది కాబట్టి డిలేలో ఏదో చెయ్యాలని, దాన్ని 0 నుంచి 250కి లాగుతాడు. ఆ డిలే ఉన్నది మాటని ఇంకా వెనక్కి నెట్టడానికే, ముందుకు లాక్కురావడానికి కాదు. ఇప్పుడు విలన్ చచ్చి, పోలీసులు దుప్పటి కప్పాక కెవ్వుమంటాడు. అప్పటికిగాని అటక మీద పెట్టె కిందికి దిగదు. వైరు ఒక కొస సౌండ్‌బార్‌కి, రెండో కొస టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రానికే పెట్టాలి. పక్క రంధ్రంలో పెడితే ఆలస్యం సంగతి దేవుడెరుగు, అసలు శబ్దమే రాదు. డిలే మళ్లీ 0కి. ధన్‌మన్న చోటే తలుపు పడుతుంది.

ఇంటి తప్పు తీరిపోయింది. ఇంకా పెదాలు కలవకపోతే అప్పుడు తీరిగ్గా డబ్బింగ్‌ని తిట్టుకోవచ్చు. తిట్టేముందు ఆ రచయిత కష్టం కూడా వినాలి.

ప, బ, మ పలకాలంటే పెదాలు మూయక తప్పదు. మిగతా అక్షరాల్లో ఎంత మోసం చేసినా క్లోజప్‌లో ఈ మూడూ పట్టిచ్చేస్తాయి. ఇంగ్లీషు పిల్లాడు "మామ్" అంటాడు: మూత, తెరుపు, మూత. మనది "అమ్మ": తెరుపు, మూత, తెరుపు. సరిగ్గా తిరగేసి కుట్టిన చొక్కా. "స్టాప్" చివర పెదాలు మూతపడతాయి, "ఆగు"లో ఎక్కడా పడవు. అందుకని "ఆపు" రాస్తారు. డబ్బింగ్ చెప్పేవాడు "ఆ"ని సాగదీసి, "పు"ని మూత దగ్గర పడేసి, ఉకారాన్ని సగం మింగేస్తాడు. అవధానంలో నిషిద్ధాక్షరి గుర్తుందా? అక్కడ పృచ్ఛకుడు పక్కన కూర్చుని ఈ అక్షరం వద్దంటాడు. ఇక్కడ తెర మీద నటుడి పెదాలే పృచ్ఛకులు. ఈ ఉద్యోగానికి సరిపడ్డవాడు దండి రాసిన దశకుమారచరిత్రలోని మంత్రగుప్తుడు: ప్రియురాలు పెదవి కొరికిందని తన కథంతా పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేకుండా చెప్పాడు.

ఇక పొడుగు గొడవ. "ఐ లవ్ యూ" పలికేటప్పుడు మూడు ముక్కలు. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" తొమ్మిది. హీరోయిన్ కళ్లు తుడుచుకుని వెళ్లిపోతున్నా మనవాడు ఇంకా "స్తున్నా" దగ్గరే ఉంటాడు. తెలుగు హీరోలు కూడా ఐ లవ్యూ అనే అంటున్నారు కాబట్టి బతికిపోయాం. మాట పట్టనప్పుడు రచయిత నటుడి వీపు కోసం వెతుకుతాడు. కెమెరాకి వీపు తిప్పిన ప్రతిసారీ, మొహం మీదికి దట్టంగా పొగ వచ్చిన ప్రతిసారీ, మిగిలిన అక్షరాలన్నీ అక్కడ కుక్కేస్తాడు. అందుకే కొందరు విలన్లు ఎదురుగా ఉన్నప్పుడు పొదుపుగానూ, అటు తిరగ్గానే ఉపన్యాసంలాగానూ మాట్లాడతారు.

బెదిరిస్తూ చూపించే వేలు ఇంకో తలనొప్పి. ఇంగ్లీషులో "నిన్ను" చివర వస్తుంది, వేలూ అక్కడే లేస్తుంది. "నిన్ను చంపేస్తా" అని తిన్నగా రాస్తే, వేలు లేచేసరికి మాట "స్తా" దగ్గర ఉంటుంది. కాబట్టి "చంపేస్తా నిన్ను". డబ్బింగ్ తెలుగు తల్లకిందులుగా నడవడానికి సగం కారణం ఈ వేలే. తమిళం నుంచి వచ్చే సినిమాకి ఈ బాధ తక్కువ, అక్కడా క్రియ చివరే కాబట్టి. పైగా వాళ్ల "డా"కి మన "రా" పెదాల లెక్కలో అచ్చంగా సరిపోతుంది.

కలవని పెదాలు కంటికి మాత్రమే చిరాకు అనుకుంటే పొరపాటు. 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు "గా" పలికే నోటికి "బా" అనే శబ్దం అతికించి చూపిస్తే, చాలామందికి "డా" అని వినిపించింది. కాబట్టి బామ్మ "ఏమన్నాడ్రా?" అన్న ప్రతిసారీ చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లక్కర్లేదు.

వైరు పెట్టాక బామ్మ శ్రద్ధగా చూస్తోంది. తెర మీద పోలీసాయన పక్కవాణ్ణి "బడ్డీ" అంటాడు. రెండే ముక్కలు, మొదట్లో ఒక్క మూత. "అన్నా" అంటే మూత లేదు. "బాబూ" అంటే రెండు మూతలు. "మిత్రమా" అంటే రెండు మూతలకి తోడు ఒక ముక్క ఎక్కువ. రచయిత అన్నీ తూచి "బావా" రాశాడు. పెదాలు అతికినట్టు కలిశాయి.

"ఆ నల్ల కోటువాడు వీడికి బావెలా అయ్యాడ్రా?" అంది బామ్మ.

"అది డబ్బింగ్ అమ్మా, ఊరికే అంటారు."

"ఊరికే ఎవరైనా బావా అంటారా? చెల్లెల్నిచ్చి ఉంటాడు. పెళ్లి సీను మీ వైరు పెట్టకముందు అయిపోయుంటుంది."