చమురు కొందాం, తప్పుని తప్పని కూడా చెబుదాం

యుద్ధం గురించి సంపాదకీయం రాసిన ప్రతిసారీ చిత్తూరు వైపు నుంచి మాకు ఒకటే మాట వినిపిస్తుంది, ఎక్కడో గాజాలోనో యుక్రెయిన్‌లోనో ఏదో జరిగితే మనకెందుకు సార్, ముందు మామిడి రేటు సంగతి రాయండి అని. సరే, మామిడి దగ్గరే మొదలుపెడదాం. 2025 జూన్‌లో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు రోజుల తరబడి క్యూ కట్టాయి, కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామని ప్రకటించినా కాయ దించుకునేవాళ్లు లేక కొందరు రైతులు రోడ్డు పక్కనే పారబోసి పోయారు. పంట విరగకాయడం ఒక కారణం, ఫ్యాక్టరీల బేరాలు ఇంకో కారణం, వాటి గురించి వేరేగా రాయాల్సిందే. కానీ పాత పల్ప్ డ్రమ్ముల్లోనే ఉండిపోయిందని, ఎగుమతి ఆర్డర్లు తగ్గాయని కూడా కంపెనీలు చెప్పాయి కదా. 2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కి చెందిన హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద పడ్డాక యూరప్ పోయే సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, రోజులు పెరిగాయి, కిరాయిలు పెరిగాయి, ఆ భారం ఎవరో ఒకరు మోయాలి, చివరికి అది కాయ పండించినోడి మీదే పడుతుంది. కాబట్టి మనకెందుకు అనే మాట ఇక్కడితో వదిలేద్దాం.

మరి ఇలాంటి యుద్ధాల విషయంలో మన దేశం ఏం చేయాలి? టీవీల్లో కొందరు, దేశాలకి స్నేహాలుండవు, అవసరాలే ఉంటాయి, నీతులు పుస్తకాల్లో పెట్టుకోండి అంటారు. ఒకరి జోలికి ఒకరు పోకూడదన్న పంచశీల ఒప్పందం ఏమైంది, 1954లో చైనాతో సంతకం పెడితే 1962లో ఏం జరిగింది అని అడుగుతారు. ఆ దెబ్బ నిజమే, ఎవరూ మర్చిపోలేదు. అయితే అప్పుడు మనల్ని దెబ్బతీసింది నీతి కాదు, సరిహద్దులో సైన్యాన్ని సిద్ధంగా పెట్టుకోకపోవడం. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం తప్పు.

1990 గుర్తు చేసుకోండి. ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడ చిక్కుకున్న లక్షలాది మన వాళ్లలో రాయలసీమ నుంచి డ్రైవర్లుగా, ఇళ్లల్లో పనికి పోయినవాళ్లు కూడా ఉన్నారు. మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు, సద్దాం ఆయన్ని కౌగిలించుకున్నాడు, ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది, పక్క దేశాన్ని మింగినవాడితో ఆ కౌగిలింతలేంటని చాలామంది ఛీకొట్టారు. కానీ ఆ తర్వాతే దారి తెరుచుకుంది, జనం బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరారు, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు ట్రిప్పు మీద ట్రిప్పు వేసి, అంతా కలిపి లక్షా డెబ్బై వేల మంది దాకా ఇంటికి తెచ్చారు. గుజ్రాల్ చేసింది కరెక్టే అని మేము అప్పుడూ ఇప్పుడూ అంటాం. ఎందుకంటే సద్దాంని గట్టిగా ఖండించకుండా ఉన్న ఆ మౌనం ఎవరి ప్రాణాల కోసమో చెప్పగలిగారు. దానికి ఖరీదు కూడా కట్టాం, కువైట్ వాళ్లకి చాన్నాళ్లు మన మీద కోపం పోలేదు, ఆక్రమణకి గురైనవాళ్లుగా వాళ్ల బాధ కూడా న్యాయమైందే.

అలాగని అవసరం పేరు చెప్పి ఏదైనా చేయొచ్చా అంటే, చేయకూడదని మన నేలే చెబుతుంది. 1769లో మద్రాసు సంధి జరిగింది, ఎవరైనా దాడి చేస్తే ఒకరికొకరు సాయం చేసుకోవాలని ఈస్టిండియా కంపెనీ, మైసూరు పాలకుడు హైదర్ అలీ ఒప్పుకున్నారు. తర్వాత కొద్దికాలానికే మరాఠాలు మైసూరు మీద పడితే కంపెనీ కదల్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. కంపెనీ పెద్దలు అప్పటికి అదే తెలివైన పని అనుకుని ఉంటారు. హైదర్ మాత్రం ఆ మాట తప్పడాన్ని మర్చిపోలేదు, 1780లో ఆర్కాటు సీమ మీదకి దిగాడు, ఊళ్లకి ఊళ్లు తగలబడ్డాయి, చివరికి 1782 డిసెంబర్‌లో ఇక్కడే చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో చనిపోయాడు, యుద్ధం మాత్రం 1784 దాకా ఆగలేదు. మాట తప్పింది మద్రాసు కోటలో ఉన్నవాళ్లు, ఇల్లు కాలింది ఇక్కడి రైతుకి.

ఇప్పటి సంగతికి వద్దాం. యుక్రెయిన్ మీద దండెత్తిన రష్యా దగ్గర చమురు కొనడం తప్పని మేము అనం. 140 కోట్ల మంది ఉన్న దేశం, డీజిల్ రేటు పెరిగితే కూరగాయల ఆటో దగ్గర్నుంచి అన్నీ పెరుగుతాయి. ఆ చమురు కొంటున్నామని అమెరికా 2025 ఆగస్టులో మన సరుకు మీద అదనంగా ఇంకో 25 శాతం సుంకం వేసి మొత్తం టారిఫ్‌ని 50 శాతానికి తీసుకుపోయింది, మనకంటే ఎక్కువ కొనే చైనాకి అదే కారణంతో అప్పుడు ఆ వడ్డన లేదు, యూరప్ కూడా అప్పటికి రష్యా గ్యాస్ కొంటూనే ఉంది. అలాంటప్పుడు అది ధర్మం కోసం వేసిన శిక్ష అంటే మేము నమ్మం.

కానీ కొనడం వేరు, నోరు మూసుకోవడం వేరు. 2022 సెప్టెంబర్‌లో సమర్‌కండ్‌లో ప్రధాని మోదీ పుతిన్ ఎదురుగా కూర్చుని ఇది యుద్ధాల కాలం కాదు అన్నారు. అన్నందుకు రష్యా చమురు ఆపిందా? లేదు, స్నేహం చెడిందా? అదీ లేదు. ఆ మాటకి ప్రపంచంలో విలువ వచ్చింది, అదే ఏడాది బాలీలో జీ20 ప్రకటనలో కూడా చేరింది. ఇంకా వెనక్కి పోతే, 1946లో, చేతిలో పూర్తి స్వాతంత్ర్యం కూడా లేని రోజుల్లోనే మన దేశం జాతివివక్ష మీద దక్షిణాఫ్రికాతో వ్యాపారం బంద్ చేసింది, నష్టమని తెలిసే చేసింది.

అందుకే గాజా విషయంలో మన ఓటు మాకు మింగుడుపడటం లేదు. 2023 అక్టోబర్ 7న గాజా నుంచి హమాస్ ఇజ్రాయెల్ మీద పడి చేసిన ఘోరాన్ని ఖండించాం, ఖండించాల్సిందే. డిసెంబర్ 12న ఐరాస జనరల్ అసెంబ్లీలో కాల్పుల విరమణకి అనుకూలంగా ఓటేశాం, అది కూడా సరైన పనే. 2025 జూన్ 12న మళ్లీ అదే డిమాండ్‌తో తీర్మానం వస్తే 149 దేశాలు అవునన్నాయి, మనం ఓటింగ్‌కి దూరంగా ఉన్నాం, చర్చలు, దౌత్యమే మార్గం అని చెప్పి సరిపెట్టారు. చర్చలు కావాలంటే ముందు బాంబులు ఆగాలి కదా. కువైట్‌లోలాగా ఆ రోజు ఆ మౌనం వల్ల ఎవరి ప్రాణాలు కాపాడామో ప్రభుత్వం చెప్పలేదు, చెప్పే కారణం ఉంటే వినడానికి మేము సిద్ధమే.

తిరుపతి, చిత్తూరు ఎంపీలు వేర్వేరు పార్టీల వాళ్లు, అయినా ఈ ఒక్క ప్రశ్న ఇద్దరూ కలిసి పార్లమెంటులో అడగొచ్చు: 2023 డిసెంబర్‌లో మనం కావాలన్న కాల్పుల విరమణకి 2025 జూన్‌లో ఎందుకు ఓటెయ్యలేదు, మధ్యలో ఏం మారింది?