ఫాంట్ మేనేజరు గారికి, పాలకొల్లు నుంచి

అయ్యా,

కంప్యూటర్‌లోని ఫాంట్లను సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లు మీరు. మీలో ఎవరిని మా కొట్టులో పెట్టుకోవాలో ఇంకా తేలలేదు కనుక అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మాది శుభలేఖలు, ఫ్లెక్సీలు వేసే కొట్టు. ఫ్లాపీల నాటి నుంచి పోగుచేసిన ఫాంట్లు 7,000 పైమాటే. నిత్యం వాడేవి పదకొండు. మిగిలినవి ఎందుకని అడగకండి. అటక మీది ఇత్తడి గుండిగల గురించి మా ఇంట్లో ఎవరూ అడగరు.

అన్నిటినీ విండోస్ ఫాంట్ల ఫోల్డరులో కుమ్మరించిన ఘనత నాదే. పొద్దున కంప్యూటర్ మీట నొక్కి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, అగరొత్తి వెలిగించి వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉంటుంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది గోదావరినంతా ఒక్క చేలోకి వదలడానికి కాదు కదా! దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతులవారీగా నీళ్ళిచ్చినట్టు, ఏ పనికి కావలసిన నాలుగు ఫాంట్లు ఆ పనికి తెరిచి, అయ్యాక మూసేవారు కావాలి. ఫైళ్ళు ఉన్నచోటు నుంచి కదలకూడదు. దీన్ని మీరు యాక్టివేషన్ అంటారు. మా కాలువ మీద ఇదే పని లస్కరు చేస్తాడు, అతన్ని ఎవరూ మేనేజరు అనరు.

దరఖాస్తులు చూశాను. ఫాంట్‌బేస్ గారు విండోస్, మ్యాక్, లినక్స్ మూడు చోట్లా ఉచితంగా పనిచేస్తారు, అదనపు హంగులకు మాత్రం చందా. నెక్సస్‌ఫాంట్ గారు విండోస్ దాటరు, జీతమూ అడగరు. కనెక్ట్ ఫాంట్స్ గారు, పూర్వాశ్రమంలో సూట్‌కేస్, ఏడాది చందా మీద వస్తారు. టైప్‌ఫేస్ గారు మ్యాక్ ఉన్న ఇంట్లోనే భోంచేస్తారు. మాది ఆ ఇల్లు కాదు.

అర్హతలు సరే, మా పరీక్ష వేరు. మా పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ ఎరగవు, అంటే తెలుగు అక్షరాలకు కేటాయించిన సొంత సంకేతాలు వాటికి తెలియవు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కాపురముంటాయి. మీరు నమూనాగా ఇంగ్లీషు వాక్యం చూపిస్తే మాకు కనబడేది దిక్కులేని గుడి, ఒంటరి వత్తు, గాలిలో వేలాడే కొమ్ము. పోనీ తెలుగులో టైపు చేద్దామా అంటే, ఆ ఫాంట్లలో ఆ సంకేతాలే ఉండవు కనుక విండోస్ జాలిపడి తన సొంత ఫాంటు నిర్మలా అక్షరాలను అరువిస్తుంది. వందల ఫాంట్లకు ఒకే ముఖం! చివరికి పాత శుభలేఖ ఫైలు నుంచి ‘లక్ష్మీనరసింహ’ను కాపీ చేసి నమూనా పెట్టెలో అతికిస్తే తప్ప ఎవరి మొహం ఏదో తెలియలేదు.

ఇక వర్గీకరణ. అక్షరం కొసలకు తోకలుంటే సెరిఫ్, లేకుంటే సాన్స్ అని మీ లెక్క. మొన్న ఒక పెద్దాయన పూతరేకుల నెయ్యి అంటిన శుభలేఖను బల్ల మీద పెట్టి, జిడ్డు బొటనవేలితో వధువు పేరు తడిమి, “ఇదిగో బాబూ, ఈ తలకట్టు ఇంత లావుండాలి. కొమ్ము మాత్రం మా వియ్యంకుడి మీసంలా పైకి తిరగాలి” అన్నారు. దీన్ని ఏ పెట్టెలో వెతకను? ట్యాగులు మమ్మల్నే పెట్టుకోమంటారు, నిజమే. పెట్టాను: పెళ్ళి, ఓణీలు, ఫ్లెక్సీ, శ్రద్ధాంజలి. మొదటిదీ చివరిదీ కలవకుండా చూడటమే మీ అసలు ఉద్యోగం. ఒకసారి కలిశాయి. ఆ కార్డులు తిరిగొచ్చాయి.

జవాబు యూనికోడ్‌లో రాయండి. పాత లిపిలో రాసినా ఆ ఫాంటు మా దగ్గర తప్పకుండా ఉంటుంది, ఎక్కడుందో వెతికేసరికి మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలవుతాయి.

ఇట్లు,
కొట్టు యజమాని