సిగ్నల్ పోయినా మ్యాప్ పోదు: ఆ అరకు మెసేజ్‌కి నా జవాబు

చలికాలం మొదలైతే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, ఆఫీసు గ్రూపులో రెండుసార్లు, మొన్న ఇంటర్ స్నేహితుల గ్రూపులో ఇంకోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, నాకు ఇష్టమైనవాళ్ళే. అందుకే ఇంతకాలం ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. "అరకు, వంజంగి, లంబసింగి వెళ్ళేవారికి ముఖ్య గమనిక. ఏజెన్సీలో సిగ్నల్ ఉండదు. జీపీఎస్ సెల్ టవర్ నుంచే వస్తుంది కాబట్టి అక్కడ ఏ మ్యాపూ పనిచేయదు. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా అది వట్టి బొమ్మే, మీరెక్కడున్నారో చూపించదు. లొకేషన్ ఆన్‌లో పెడితే డేటా, బ్యాటరీ అయిపోతాయి, హ్యాకర్లు ఖాతా ఖాళీ చేస్తారు. సిగ్నల్ లేకపోతే 112కి కూడా ఫోన్ వెళ్ళదు. కాబట్టి లొకేషన్ ఆఫ్ చేసుకోండి. దారి తప్పితే ఎక్కడా ఆగకుండా సిగ్నల్ దొరికేదాకా ముందుకే వెళ్ళండి. ఫోన్ కన్నా ఊళ్ళో మనుషుల్ని నమ్మండి. పది మందికి పంపండి."

మొదటి మాట దగ్గరే మొదలుపెడదాం. జీపీఎస్ టవర్ నుంచి రాదు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వస్తుంది. అవి "ఇప్పుడు టైమ్ ఇంత, నేను ఇక్కడున్నాను" అని చెబుతూ పోతుంటాయి. మన ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ కబురు ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తనెక్కడుందో తేల్చుకుంటుంది. ఫోన్ వినడమే, అటువైపు ఏమీ పంపదు. రేడియోలో విశాఖపట్నం కేంద్రం వార్తలు వినడానికి సిమ్ వేశామా, రీచార్జ్ చేయించామా? ఇదీ అంతే. అమెరికా వాళ్ళ జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బేడౌ ఉపగ్రహాల్ని కూడా ఇప్పటి ఫోన్లు చాలావరకు వింటాయి. మన దేశానికీ సొంతంగా నావిక్ ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో ఎగిరింది మన శ్రీహరికోట నుంచే.

నమ్మకం కుదరకపోతే మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి జెట్టీ మీద ఏ మరబోటు డ్రైవర్నైనా అడగండి. తీరం కనబడనంత దూరం వెళ్ళి, వలవేసి, రోజుల తర్వాత మళ్ళీ ఇదే హార్బర్‌కి ఎలా తిరిగొస్తున్నారో కనుక్కోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం చేపలు ఎక్కువగా ఉండే చోట్లను మత్స్యకారులకు అక్షాంశ రేఖాంశాలతో సహా తెలియజేస్తుంది. ఆ అంకెలు పట్టుకుని జీపీఎస్ సెట్ చూసుకుంటూ బోటు నడుపుతారు. నడిసముద్రంలో టవర్ ఎవరు పాతారో ఈ మెసేజ్ రాసినాయన చెప్పాలి.

డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ వట్టి బొమ్మే అన్న మాటకు కిరండూల్ రైలు చాలు. కిందటేడు మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకుని, మా పిల్లల్ని అందులో అరకు తీసుకెళ్ళాను. ఎస్.కోట దాటాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. శివలింగపురం తర్వాత ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, కిటికీ చువ్వలకు ఆనించి పట్టుకోమని మా పెద్దమ్మాయికి ఇచ్చాను. మేమున్న చోటు చూపించే నీలం చుక్క రైలు పట్టాల గీత మీదే మెల్లగా కదులుతోంది. సొరంగంలోకి వెళ్ళగానే ఆగిపోయింది. బయటికొచ్చాక కాసేపటికి ఒక్కసారిగా ముందుకు దూకి మళ్ళీ పట్టాల మీదికి వచ్చింది. బొర్రా గుహలు స్టేషన్ వచ్చేదాకా పిల్ల దాని మీదనుంచి కళ్ళు తిప్పలేదు. సిమ్ అసలు పనిచేయని ఫోన్‌లో చుక్క కదులుతోంది, ఆకాశం మూసుకుపోయినప్పుడు మాత్రమే ఆగుతోంది. అది టవర్‌ని వింటోందా, ఆకాశాన్ని వింటోందా? తొమ్మిదేళ్ళ పిల్లకు అర్థమైంది.

హ్యాకర్ల సంగతి: లొకేషన్ బటన్ నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ కాదు. దానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

డేటా సంగతి: మ్యాప్ ముందే ఫోన్‌లో ఉంటే దారి చూసుకోవడానికి నెట్ అక్కర్లేదు. డౌన్‌లోడ్‌కి ఎంత చోటు పడుతుందో నొక్కకముందే స్క్రీన్ మీద చూపిస్తుంది, చూసుకోండి. బ్యాటరీ తినేది ముఖ్యంగా వెలుగుతున్న స్క్రీన్. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉండి కూడా చార్జింగ్ తినేస్తుంది. దానికి మందు లొకేషన్ ఆపడం కాదు, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టుకోవడం. ఇప్పటి ఫోన్లలో ఆ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది.

ఇక అసలు విషయం. "దారి తప్పితే ఎక్కడా ఆగకుండా సిగ్నల్ దొరికేదాకా ముందుకే వెళ్ళండి." ఈ ఒక్క వాక్యం లేకపోతే నేనిదంతా రాసేవాణ్ణి కాదు. మిగతావి తెలియనితనం. ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట.

పోయిన డిసెంబరులో మా అక్కావాళ్ళు వంజంగి వెళ్ళారు. తెల్లవారుజామున మేఘాలు చూసి, మధ్యాహ్నం పాడేరులో భోజనం చేసి, అరకు మీదుగా ఇంటికి వద్దామనుకున్నారు. బయల్దేరే ముందు రోజు రాత్రి పట్టుబట్టి మరీ అక్క ఫోన్‌లో ఆ ఏరియా మ్యాప్ డౌన్‌లోడ్ చేయించాను. పాడేరు దాటాక ఎక్కడో మలుపు తప్పి పెదబయలు వైపు వెళ్ళిపోయారు. సిగ్నల్ లేదు. బావగారికి ఈ మెసేజ్ గుర్తుంది. లొకేషన్ ఆపించి, ఫోన్ అక్క హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించి, "ముందుకెళ్తే ఎక్కడో ఒకచోట తగులుతుందిలే" అని పోనిచ్చారు. డిసెంబరులో అయిదున్నరకే పొద్దుగూకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే చీకటి పడుతుంది. ముప్పావు గంట అలాగే నడిపారు. రెండుచోట్ల రోడ్డు చీలింది. రెండుసార్లూ వెడల్పుగా కనిపించినవైపే తిప్పారు. పెట్రోల్ రిజర్వులోకి వచ్చింది, చిన్నది వాంతులు చేసుకుంది, వెనక సీట్లో అత్తయ్యగారు దేవుడికి మొక్కుకుంటూ కూర్చున్నారు. చివరికి ఎదురుగా వచ్చిన సర్వీసు జీపు డ్రైవరు ఆపి, "ఇటు పోతే ముంచింగిపుట్టు, ఆపైన ఒడిశా. మీరు ఎటెల్లాల బావూ?" అని అడిగితే గానీ తెలియలేదు.

అంతసేపూ మ్యాప్ ఆ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. లొకేషన్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి ఉంటే, నీలం చుక్క తప్పుదారి మీద కనబడేది. మొదటి అయిదు నిమిషాల్లోనే వెనక్కి తిప్పేవారు. బావగారు మొండివారేం కాదు, జాగ్రత్తపరులు. జాగ్రత్త అనుకునే ఆ మెసేజ్ మాట విన్నారు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఘాట్‌లో సిగ్నల్ ముందుకెళ్తే వస్తుందని ఎవరు చెప్పారు? ముందుకెళ్ళేకొద్దీ టవర్లు తగ్గే చోట్లు ఏజెన్సీలో ఎన్ని లేవు? మీరు దాటొచ్చిన ఊరు ఎక్కడుందో మీకు తెలుసు, రాబోయేది తెలియదు. అలాంటప్పుడు ముందుకు నెట్టే సలహా ఎవరైనా ఇస్తారా? దారి తప్పామని అనుమానం రాగానే, మలుపు కాని చోట, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బండి పక్కకు తీసి ఆపండి. ఇండికేటర్లు వేయండి. చెట్ల నీడలోంచి, కారులోంచి బయటికొచ్చి ఆకాశం కనబడేలా ఫోన్ పట్టుకోండి. చుక్క కుదిరేదాకా ఆగండి. కుదిరాక కూడా అనుమానంగా ఉంటే చివరగా దాటిన ఊరికే వెనక్కి వెళ్ళండి. మీరున్న చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు కూడా మ్యాప్‌లో చూడొచ్చు. అరకు అయితే సుమారు 18.33, 82.87. మీ చోటి అంకెల్ని దశాంశాలన్నిటితో సహా కాగితం మీద రాసుకోండి. మాట వినబడనంత సన్నటి సిగ్నల్ దొరికినా ఆ రెండు అంకెలు ఎస్సెమ్మెస్‌లో పోయే అవకాశం ఉంటుంది.

112 గురించి రాసింది కూడా ఇంత చేటే. మీ సిమ్ కంపెనీకి టవర్ లేకపోయినా, పక్క కంపెనీ టవర్ అందుతుంటే అత్యవసర కాల్ దాని మీదుగా వెళ్ళగలదు. స్క్రీన్ మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని వస్తుందే, దానర్థం అదే. ఏ కంపెనీ టవరూ అందని చోట వెళ్ళదు, నిజమే. కానీ ప్రయత్నించకుండానే వెళ్ళదని నమ్మించి, దెబ్బలు తగిలి రోడ్డు పక్కన పడున్నవాడి చేత ఆ మూడంకెలు కూడా నొక్కనివ్వకుండా చేస్తారా? ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే ముందు అది తీసి నొక్కండి. ఒకచోట పోకపోతే పది అడుగులు ఎత్తుకి ఎక్కి మళ్ళీ నొక్కండి.

ఇంత కోపంలోనూ రెండు విషయాలు ఒప్పుకోవాలి.

ఒకటి, సిగ్నల్ పోగానే జీపీఎస్ పోయినట్టు చాలామందికి అనిపించడం అబద్ధం కాదు. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ వివరాలు ఫోన్‌కి నెట్ ద్వారా చప్పున అందుతాయి. నెట్ లేకపోతే అవే వివరాలు ఆకాశం నుంచి సెకనుకు 50 బిట్ల వేగంతో దిగాలి. ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలు చెప్పడానికి అరనిమిషం పడుతుంది. మధ్యలో కొండో, దట్టమైన చెట్లో అడ్డమొస్తే మళ్ళీ వినాలి. అందుకే అనంతగిరి మలుపుల్లో ఫోన్ తీసి పది సెకన్లు చూసి "పనిచేయట్లేదు" అని జేబులో పెట్టేస్తాం. ఇంటి దగ్గరే లొకేషన్ ఆన్ చేసి బయల్దేరితే ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

రెండోది, ఆ మెసేజ్ చివర రాసిన "ఊళ్ళో మనుషుల్ని నమ్మండి" అన్న మాట. అది ముమ్మాటికీ నిజం. డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కి ఈ పొద్దు సంగతి తెలియదు. కొండచరియ విరిగిపడిందనీ, కల్వర్టు కొట్టుకుపోయిందనీ దానికి ఎవరూ చెప్పరు. గూగుల్ మ్యాప్స్ నెట్ లేకపోతే ట్రాఫిక్ చూపించదు, వేరే దారులు చూపించదు, నడకదారి అసలే చెప్పదు. కటికి జలపాతం దగ్గర నడవాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా చేసిన ఆర్గానిక్ మ్యాప్స్ లాంటివి పనికొస్తాయి, వాటిలోనూ ఎవరో ఒకరు గీసిన బాటలే ఉంటాయి. రెండేళ్ళ కిందట వానల తర్వాత మ్యాప్ నన్ను దగ్గరిదారని చెప్పి మట్టిరోడ్డులోకి దింపింది. కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చిన ఒకామె బండికి అడ్డంగా నిలబడింది. "రోడ్డు తెగిపోనాది బావూ, ఎనక్కెల్లిపోండి" అంది. ఆమె లేకపోతే బండి గెడ్డలో, అంటే వాగులో ఉండేది. మ్యాప్ చూసుకోండి, మనిషినీ అడగండి. ఒకదాని కోసం ఇంకొకటి మానుకోమనడమే నాకు అర్థం కాదు. పైగా రాత్రి ఏడింటికి ఘాట్‌లో అడగడానికి మనిషెక్కడ దొరుకుతాడు?

ఇదంతా టూరిస్టుల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళు 2014 అక్టోబరు 12 గుర్తు తెచ్చుకోండి. హుద్‌హుద్ తుఫాను వెళ్ళాక ఈ ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు, ఎటు చూసినా రోడ్లకు అడ్డంగా చెట్లు. మద్దిలపాలెం నుంచి గాజువాకలో ఉన్న మా అత్తగారింటికి చేరడానికి సందులన్నీ తిరిగాను. పుట్టి పెరిగిన ఊరు నాకే కొత్తగా కనిపించింది. పడిన చెట్లను మ్యాప్ చూపించదు, కానీ ఏ సందు ఎక్కడ తేలుతుందో చూపిస్తుంది. అప్పుడు నా ఫోన్‌లో అది లేదు. ఇప్పుడు విశాఖ మ్యాప్ ఎప్పుడూ ఉంటుంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి, వైఫై దొరికినప్పుడు అప్‌డేట్ అయిందో లేదో చూసుకుంటాను.

మొన్న గ్రూపులో ఇది మళ్ళీ పెట్టిన మిత్రుడు వచ్చే ఆదివారం కుటుంబంతో అరకు దగ్గరి చాపరాయి వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఎస్.కోట నుంచి పాడేరు దాకా మ్యాప్ ఇద్దరి ఫోన్లలోనూ దించాను. వాళ్ళు దిగబోయే హోమ్‌స్టేని సేవ్ చేశాను. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టించి డాబా మీదికి తీసుకెళ్ళాను. చుక్క కుదరడానికి నిమిషం పైనే పట్టింది. సరిగ్గా వాళ్ళింటి మీదే కుదిరింది. గ్రూపులో ఆ మెసేజ్ తీసేస్తానన్నాడు. ఇంకా తీయలేదు.