బోర్లో బెల్లం పోయకండి

"బోరునీళ్ళు పెట్రోలు వాసనొస్తున్నాయా? ఒక ప్యాకెట్ బ్యాక్టీరియా పొడి, 2 కిలోల బెల్లం కలిపి బోర్లో పోయండి. పది రోజుల్లో వాసన పోతుంది, తాగొచ్చు. నాసా కనిపెట్టింది." హైదరాబాద్ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఈ మెసేజ్ ఎన్నిసార్లు కాదన్నా మళ్ళీ మళ్ళీ వస్తోంది.

నాసాకి దీనితో సంబంధం లేదు. పెట్రోల్లో కలిపే ఎమ్‌టీబీఈని తిని బతికే పీఎం1 బ్యాక్టీరియా దొరికింది లాస్ ఏంజెలెస్ దగ్గరి మురుగుశుద్ధి కేంద్రంలో, కంపోస్టు నింపిన ఫిల్టర్లో. ఇక ప్యాకెట్లో ఉండేది సెప్టిక్ ట్యాంకు పొడి. అది మురుగునీ కొవ్వునీ అరిగించడానికి తయారైంది, ఎమ్‌టీబీఈకి కాదు.

అసలు ప్రమాదం బెల్లం. ఒక గ్రాము ఎమ్‌టీబీఈ పూర్తిగా విరగాలంటే దాదాపు 2.7 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి బాగా తగిలిన నీళ్ళలో కూడా అది లీటరుకి 8 మిల్లీగ్రాములే. అంటే లీటరుకి 3 మిల్లీగ్రాముల ఎమ్‌టీబీఈకే సరి. అదీ దక్కదు, పెట్రోల్లోని ఇథనాల్, బెంజీన్ ముందే లాగేసుకుంటాయి. ఇంత కరువులో తీపి పోస్తారా? కిలో చక్కెర అరగడానికి 1.12 కిలోల ఆక్సిజన్ పడుతుంది. 1,40,000 లీటర్ల నీళ్ళలో ఉన్నదంతా! పది వేల లీటర్ల ట్యాంకర్లు 14. బెల్లం లెక్క కొంచెం తక్కువ, అంతే.

ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు రాతిలోని ఇనుము, మాంగనీసు మీద పడతాయి. అవి కరిగి నీళ్ళలోకి దిగుతాయి. సంపులోకి రాగానే గాలి తగిలి ఎర్రగా, నల్లగా మారతాయి. తర్వాత కుళ్ళిన గుడ్డు వాసన మొదలై పెట్రోలు వాసనని కప్పేస్తుంది. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ మాత్రం అక్కడే ఉంటుంది.

"వాసన పోతే తాగొచ్చు" అనడం ఇంకా ఘోరం. ఎమ్‌టీబీఈ సగంలో విరిగితే మిగిలేది టీబీఏ అనే ఆల్కహాల్. దాని వాసన ముక్కుకి అంత తేలిగ్గా అందదు. కాచి తాగమని ఇంకొందరి సలహా. ఎమ్‌టీబీఈ 55 డిగ్రీలకే మరుగుతుంది, ఆవిరంతా వంటింట్లో పీల్చేది మీ ఇంట్లోవాళ్ళే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. బ్యాక్టీరియాతో ఈ పని అవుతుంది. కాలిఫోర్నియాలోని పోర్ట్ హ్యూనీమ్ నేవీ స్థావరంలో బ్యాక్టీరియాని దించి, ఆక్సిజన్ ఎక్కించి చేసి చూపించారు. ఉత్త ఆక్సిజన్ ఎక్కించిన చోట కూడా, కొన్ని నెలలు ఆలస్యంగా, నేలలో ఉన్న సూక్ష్మజీవులే ఆ పని అందుకున్నాయి. అయితే అక్కడ ఇసుక నేల, నీళ్ళు కొద్ది లోతులోనే. మనది గ్రానైటు. నీళ్ళు పగుళ్ళలో ఎటు పోతాయో పైనుంచి తెలియదు. బోర్లో పోసింది ఆ పగుళ్ళన్నిటికీ చేరదు. పైగా ఈ పెట్రోలు వచ్చే బంకు భూగర్భ ట్యాంకు కారుతూనే ఉంటే ఏ బ్యాక్టీరియా ఏం చేస్తుంది?

వాసన వస్తే ఆ నీళ్ళు తాగడం, వంట, వేడినీళ్ళ స్నానం మానేయండి. మోటారు గదిలో పెట్రోలు వాసన ఉంటే స్విచ్ ముట్టుకోవద్దు. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ల్యాబ్‌లో మామూలు టీడీఎస్, కాఠిన్యం పరీక్షకి ఇవేవీ దొరకవు. బెంజీన్, టోలుయీన్, జైలీన్, ఎమ్‌టీబీఈ, టీబీఏ అని పేరుపేరునా రాసి అడగండి. ప్లాస్టిక్ సీసా వద్దు. ల్యాబ్ ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాని అంచు దాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టండి. బుడగ కనిపిస్తే ఆ నమూనా పనికిరాదు, ఇంకో సీసాలో పట్టి ఐసులో పెట్టి పంపండి.