ర్యాంకుల పక్కన టైంటేబులు

విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట మలుపుల్లో మళ్లీ పిల్లల ముఖాలు వెలిశాయి. పాస్‌పోర్టు సైజు ఫొటో, కింద హాల్‌టికెట్ నంబరు, పక్కన ర్యాంకు. రోహిణి కార్తె ఎండలతో పాటే ఏటా ఈ ఫ్లెక్సీలూ వస్తాయి. ఇన్ని అంకెలు అచ్చేసిన చోట మూడు అంకెలు మాత్రం ఎప్పుడూ కనిపించవు: ఆ పిల్లలు ఎన్నింటికి లేచేవారు, ఎన్నింటికి పడుకునేవారు, వారానికి ఎన్ని గంటలు ఆడుకునేవారు. ఇలాంటి ప్రకటనలను మొదటి పేజీలో వేసుకున్న చరిత్ర తెలుగు పత్రికలకు ఉంది, మాకూ ఉంది. ఆ సంగతి దాచి నీతులు చెబితే పాఠకులు నవ్విపోతారు కనుక ముందే ఒప్పుకుంటున్నాం.

విజయవాడ శివార్లలో పోరంకి వైపో, గూడవల్లి వైపో, తల్లిదండ్రులను రానిచ్చే ఆదివారం నాడు ఏదైనా రెసిడెన్షియల్ క్యాంపస్ గేటు దగ్గర ఒక పూట నిలబడితే చాలా విషయాలు తెలుస్తాయి. పల్నాడు నుంచి, దివిసీమ నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవారు దొరికిన చెట్టు నీడలో దుప్పటి పరుస్తారు. క్యారియర్ విప్పితే గోంగూర, కోడికూర, పెరుగన్నం. ‘చిక్కిపోయావేమ్మా’ అని తల్లి తల నిమురుతుంటే, ‘పోయిన వారం టెస్టులో ఎన్నొచ్చాయి’ అని తండ్రి అడుగుతాడు. పిల్ల మాత్రం తల్లి ఫోను లాక్కుని ఇంట్లో కుక్కపిల్ల వీడియో చూస్తూ ఉంటుంది. స్టడీ అవర్ గంట కొట్టేసరికి అన్నం ఇంకా సగంలోనే ఉంటుంది.

పిల్లల క్షేమం అనగానే మన విద్యాసంస్థలకు తోచే ఉపాయం ఒకటే. ఇంకో పీరియడ్ చేర్చడం. వారానికి ఒక యోగా తరగతి, నెలకు ఒక వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం. ఒత్తిడిని జయించడం ఎలాగో చెప్పే ఆ ఉపన్యాసాన్ని కూడా పిల్లలకు మిగిలిన ఆ కాస్త ఆదివారంలోనే పెడతారు! మేము దీన్ని తిరగేసి చూడమంటున్నాం. టైంటేబులులో కొత్త గడి గీయకుండా, ఉన్న గడులు కొన్ని చెరిపేస్తే సగం క్షేమం దానంతటదే వస్తుంది.

ముందుగా నిద్ర సంగతి. హాస్టళ్లలో సాధారణంగా ఉదయం అయిదింటికి లేపుతారు. రాత్రి స్టడీ అవర్ ముగిసి లైట్లు ఆరేసరికి పదిన్నర దాటుతుంది. లెక్క వేస్తే ఆరున్నర గంటలు, అదీ పడుకోగానే నిద్ర పడితే. 13 నుంచి 18 ఏళ్ల వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లోనే చెప్పింది. పైగా ఈ వయసులో ఒంటి గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోను చిన్నప్పటి కంటే రాత్రి బాగా ఆలస్యంగా ఊరుతుంది. అందుకే పదిహేనేళ్ల కుర్రవాడికి పదింటికి నిద్ర రాదు, అయిదింటికి మెలకువ రాదు. దాన్ని మనం బద్ధకం అంటాం, వార్డెన్ క్రమశిక్షణ లోపం అంటాడు. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే అన్నది ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. అంటే, ర్యాంకే సర్వస్వం అనుకునేవారి లెక్కలో చూసినా రాత్రి కోసేసిన ఆ రెండు గంటలు నష్టమే. పగలంతా తూము తెరిచి నీరు పెట్టి, రాత్రి గట్టు తెంపేసినట్టు.

రెండోది సెక్షన్లు. బయటివారికి ఇది అంతగా తెలియదు. వారాంతపు పరీక్ష మార్కులను బట్టి పిల్లలను పై సెక్షన్‌కు ఎక్కిస్తారు, కింది సెక్షన్‌కు దించుతారు. దిగిన పిల్లవాడికి మార్కులతో పాటు చాలా పోతాయి. పక్కన కూర్చునే స్నేహితుడు మారతాడు, అలవాటైన లెక్చరర్ మారతాడు, కొన్నిచోట్ల గది కూడా మారుతుంది. ఇంటికి దూరంగా ఉన్న పదహారేళ్ల వాడికి అక్కడ ఉన్న ఇల్లు ఆ స్నేహితుడే. దాన్ని వారం వారం లాటరీలో పెట్టి, ‘పోటీతత్వం పెంచుతున్నాం’ అంటున్నారు. ‘చదివితే మళ్లీ ఎక్కవచ్చు కదా’ అనేవారు, దిగిన మొదటి రాత్రి ఆ పిల్లవాడు ఎవరితో మాట్లాడతాడో కూడా చెప్పాలి.

ఇలా చేయకూడదని సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి ‘నీట్’కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి వేసిన కేసులో, 2025 జులై 25న ఇచ్చిన తీర్పు అది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానాలన్నది అందులో ఒకటి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలన్నది మరొకటి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారన్న జాతీయ నేర గణాంకాలను న్యాయస్థానం ఆ తీర్పులోనే ఉటంకించింది. మన దగ్గర ఇంటర్ విద్యార్థుల మరణాలపై నీరదా రెడ్డి కమిటీ వేసింది 2001లో. అప్పుడు ఇంటర్ చదివినవారి పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కు వస్తున్నారు. కౌన్సెలర్ల నియామకం ఎంతవరకు వచ్చిందో అధికారులు కాలేజీల వారీగా బయటపెడితే మంచిది. అంతవరకు, మనసు బరువెక్కిన ఏ పిల్లవాడైనా, వాడి కోసం భయపడే ఏ తల్లైనా 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది; ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చట్టం లేకపోలేదు, కానీ అది సగం దూరమే వస్తుంది. పిల్లలు భయం, ఆందోళన లేకుండా, చేసి చూసి నేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 17వ సెక్షన్ నిషేధించింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి కనీసం 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు అని లెక్క కట్టింది. రోజుకు నాలుగున్నర గంటలు. అది కనీసమే, నిజమే. కానీ ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి పిల్లవాడిని పొద్దున బస్సెక్కించి చీకటి పడ్డాక దించడానికీ ఈ లెక్కకూ ఎక్కడా పొంతన లేదు. ఇక 14 ఏళ్లు దాటగానే ఆ చట్టం చెయ్యి వదిలేస్తుంది. ఒత్తిడి ముదిరేదే అక్కడ.

తల్లిదండ్రులను తిట్టడం తేలిక. మేము ఆ పని చేయం. మిరప యార్డులో టిక్కీలు (బస్తాలు) అమ్మి వచ్చిన డబ్బును నేరుగా ఫీజు కౌంటర్లో కట్టే రైతుకు పిల్లవాడి మీద పగ ఉండదు. తన బతుకు వాడికి రాకూడదన్న భయం ఉంటుంది. ఆ భయం నిజమైనది. అయితే అదే రైతును యూరియా రెట్టింపు వేస్తే కాపు రెట్టింపు అవుతుందా అని అడగండి, నవ్వుతాడు. ఆకు ఏపుగా పెరుగుతుంది, పురుగు చేరుతుంది, కాయ నిలవదు అంటాడు. చేను దగ్గర ఇంత తెలిసిన మనిషి అడ్మిషన్ల బల్ల ముందు కూర్చోగానే ఎందుకు తలూపుతాడంటే, అక్కడ అతనికి చూపించేది కాసిన పది కాయలనే. మిగతా చేను ఏమైందో ఎవరూ చూపించరు.

విజయవాడకు వేరే దారి తెలియదా అంటే, తెలుసు. 1955లోనే ఇక్కడ మాంటిస్సోరి పేరుతో బడి పెట్టిన వి.కోటేశ్వరమ్మ గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. మరియా మాంటిస్సోరి పద్ధతిలో పిల్ల తన పనిని తానే ఎంచుకుంటుంది. దానిలో మునిగి ఉన్నంతసేపు పెద్దవాళ్లు అడ్డు రాకూడదు. వేర్వేరు వయసుల వాళ్లు ఒకే గదిలో ఉంటారు, మార్కులు ఉండవు. ఇప్పుడు వీధికొక బోర్డు మీద ఆ పేరు కనిపిస్తుంది. లోపల మూడున్నరేళ్ల పిల్ల నాలుగు గీతల కాపీ రాస్తూ ఉంటుంది. పేరును ఉంచుకుని పద్ధతిని వదిలేశాం.

ప్రభుత్వ పక్షాన ఒక మంచి పని జరిగిందని చెప్పాలి. 2025 జనవరి 4న విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మొదలుపెట్టి, డొక్కా సీతమ్మ పేరుతో ఇంటర్ పిల్లలకూ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పొద్దున ఏడింటికి ఊళ్లో బస్సెక్కి వచ్చే పిల్ల మధ్యాహ్నం తరగతిలో కళ్లు తిరగకుండా కూర్చోగలగడం కంటే పెద్ద క్షేమ కార్యక్రమం మాకు కనిపించడం లేదు. దీనికి ఎవరూ వ్యక్తిత్వ వికాసం అని పేరు పెట్టలేదు, అదృష్టం.

ప్రైవేటు కాలేజీల విషయంలో మేము అడిగేది పెద్దదేమీ కాదు. సెలవు రోజుల్లో తరగతులు పెట్టవద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తూనే ఉంది, తలుపులు మూసి అవి నడుస్తూనే ఉన్నాయి. ఇంకో హెచ్చరిక వల్ల ఒరిగేది లేదు. ప్రతి క్యాంపస్ తన నిజమైన టైంటేబులును, హాస్టల్‌లో లేపే వేళ, లైట్లు ఆర్పే వేళ, ఆట గంట, ఆదివారం ఖాళీగా వదిలే గంటలతో సహా, గేటు బయట గోడ మీద రాయాలి. అనుబంధ గుర్తింపు ఇచ్చే షరతుల్లో బోర్డు దీన్ని చేర్చాలి. రాసిన దానికీ లోపల జరిగేదానికీ తేడా ఉంటే చెప్పడానికి పిల్లలకు ఒక దారి ఉండాలి, చెప్పిన పిల్ల పేరు బయటికి రాకూడదు. ర్యాంకుల ఫ్లెక్సీ వేసుకునేవారికి ఆ పక్కనే నాలుగు అడుగుల స్థలం భారం కాదు. పత్రికల్లో వచ్చే ప్రకటనలకూ ఇదే షరతు పెడితే మాకు అభ్యంతరం లేదు.

ఈ వారం అడ్మిషన్ల కోసం బయలుదేరే తల్లిదండ్రులకు ఒక్క మాట. పీఆర్వో చేతిలో రంగుల కరపత్రం పెట్టగానే, ‘మా వాడిని ఆదివారం ఎన్నింటికి లేపుతారు బాబూ’ అని అడగండి. కరపత్రంలో ఆ జవాబు ఉండదు. అతను లోపలికి వెళ్లి వార్డెన్‌ను అడిగి రావలసి ఉంటుంది. వెళ్లి రానివ్వండి, అప్పటిదాకా అడ్వాన్సు కట్టకండి.